జిగురు కడిగిన చేతులు

మా ప్రాజెక్టు గురించి అచ్చయిన వ్యాసం కాపీ ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఇంగ్లీషులో ఉంటుంది. అందులో రెండో పేజీలో, నమూనాలు ఎలా సేకరించాలో చెప్పే చోట, సముద్రంలోంచి తీసిన స్పంజికల్ని కడగకూడదనీ, పైనున్న జిగురుతో సహా వెంటనే స్పిరిట్‌లో వేయాలనీ ఒక వాక్యం ఉంది. చాలా మామూలు వాక్యం. చదివేవాళ్ళెవరికీ అక్కడ ఆగాల్సిన పని ఉండదు. నాకు మాత్రం అది కంటపడినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఆ వాక్యం మా సారు బుర్రలోంచి వచ్చింది కాదు, నా బుర్రలోంచి వచ్చిందీ కాదు. హంసలదీవి దగ్గర ఒక పల్లెలో, ఒక మనిషి మర్యాదకొద్దీ చేసిన పొరపాటులోంచి వచ్చింది. ఆ పొరపాటుకి ఆవిడ పోగొట్టుకున్నదేమిటో ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. గుడివాడలో మా ఇల్లు. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లల చేత వానపాము బొమ్మలు వేయిస్తూ రెండేళ్ళు గడిపాక, బందరులో ఒక కాలేజీలో ప్రాజెక్టు అసిస్టెంటుగా పని దొరికింది. ప్రాజెక్టు ఆ కాలేజీది కాదు, దూరంగా నగరంలో పెద్ద పరిశోధనశాలలో పనిచేసే ఒక శాస్త్రవేత్తది. ఆయన్ని సారు అనేదాన్ని. బందరు సముద్రం దగ్గర కాబట్టి కాలేజీవాళ్ళు ఆయనకి మెట్ల కింద ఒక గది ఇచ్చారు. ఆ గదిలో ఒక ఫ్రిజ్, ఒక త్రాసు, స్పిరిట్ డబ్బాలు, నేను. సారు రెండు నెలలకోసారి వచ్చి చూసి వెళ్ళేవారు.

ఆయన మీద నాకెంత కోపమున్నా ఒక మాట ఒప్పుకోవాలి, పాఠం చెప్పడంలో ఆయనకి సాటి లేదు. మొదటి రోజే కాలేజీ కాంటీన్లో కూచోబెట్టి అరటిపండు తొక్క మీద వేలుపెట్టి చూపిస్తూ మొత్తం చెప్పారు. మన గొంతులోంచి ఊపిరితిత్తులకి పోయే గాలిగొట్టం లోపలి గోడ నిండా కణాలుంటాయి. జలుబు వైరస్ గానీ, ఫ్లూ గానీ, చంటిపిల్లల్ని ఎగశ్వాస పెట్టించే వైరస్‌లు గానీ ముందు ఆ కణాలకి అంటుకుంటాయి, తర్వాత లోపలికి దూరతాయి. వీటిలో చాలావాటికి సరైన మందు లేదు. ఇక సముద్రం అడుగున స్పంజిక అనే జీవి ఉంది. దానికి పళ్ళు లేవు, పెంకు లేదు, పారిపోవడానికి కాళ్ళూ లేవు. ఒకే చోట కూచుని రోజంతా క్రిములున్న నీళ్ళే తాగుతుంది. అయినా కుళ్ళిపోదు. అంటే దాని దగ్గర ఏదో రసాయనం ఉండాలి. దాన్ని తీసి, గాజు గిన్నెలో పెంచిన గాలిగొట్టం కణాల మీద ఒక చుక్క వేసి, ఆ తర్వాత వైరస్‌ని వదిలి, ఎన్ని కణాలు బతికాయో లెక్కపెట్టడమే మా పని.

ఇంకో మాట కూడా చెప్పారు. ఎవరైనా అడిగితే మందు కనిపెడుతున్నామని మాత్రం చెప్పొద్దన్నారు. గిన్నెలో కణాలు బతకడం వేరు, మంచం మీద మనిషి బతకడం వేరు, ఆ రెంటి మధ్య ఎన్నో ఏళ్ళ దూరం ఉందన్నారు. కణాన్ని గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి అంత జంకిన మనిషి, ఒక ఆడమనిషిని గురించి అనకూడని మాట ఎంత తేలిగ్గా అనేశారో తర్వాత చూశాను.

మా తీరంలో రాళ్ళు లేవు, అంతా బురద. స్పంజికలు కావాలంటే లోతు నీళ్ళలో వేట చేసే పడవల వలల్లోంచే ఏరుకోవాలి. వలకి చిక్కుకుని వచ్చే పనికిరాని చెత్తలో అవీ ఉంటాయి. బందరు రేవులో పెద్ద పడవలవాళ్ళు ఆ చెత్తని దారిలోనే సముద్రంలోకి విసిరేసి వచ్చేవాళ్ళు. చివరికి దివిసీమలో, హంసలదీవికి ఇవతల ఒక చిన్న పల్లెలో మాకు కావలసింది దొరికింది. అక్కడ మగవాళ్ళు వల యథాతథంగా తెచ్చి ఇసుకలో పడేస్తే ఆడవాళ్ళు కూచుని విప్పేవాళ్ళు.

అలా వల విప్పుతుండగా కనపడిన మనిషే పిన్ని. వరస లేదు, చుట్టరికం లేదు. మా అమ్మకంటే కాస్త చిన్నదిగా ఉందని పిన్నీ అన్నాను, ఆవిడ అమ్మాయీ అంది, అంతే. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, కొడుకు పడవ మీద వేటకి వెళ్తాడు, కోడలూ తనూ ఎండుచేపలు కోడూరు, అవనిగడ్డ సంతల్లో అమ్ముతారు. కానీ ఆ పల్లెలో ఆవిడకి అసలు పేరొచ్చింది ఎండుచేపలతో కాదు, పోగులతో.

పోగులంటే చెప్పాలి. అమ్మకానికి పోయే చేప వేరు, పడవ మీద వెళ్ళినవాళ్ళు ఇంటికి తీసుకుపోయే కూరచేప వేరు. ఆ కూరచేపని ఇసుక మీద గోనెపట్టా పరిచి, పడవలో ఎంతమంది ఉంటే అన్ని పోగులు పెడతారు. త్రాసు ఉండదు. పోగులు పెట్టేది ఒక్కరే. ఒక పోగులో పెద్ద గొరకచేప పడితే దాని పక్కన చిన్నచేపలు, కవళ్ళు, రెండు తగ్గించాలి, తల చిదికిన చేప పడిన పోగుకి ఇంకోటి కలపాలి, అంతా కంటి చూపే, చేతి వాటమే. పెట్టడం అయ్యాక ఒకరు పోగులకి వీపు తిప్పి నిలబడతారు. ఇంకొకరు పోగు మీద చెయ్యి పెట్టి ఇదెవరిదని అడిగితే, చూడకుండా ఒక పేరు చెప్తారు. ఏది ఎవరికొచ్చినా మారుమాట ఉండదు. మారుమాట ఉండదంటే ఆ పోగులు పెట్టిన చెయ్యి అలాంటిదన్న మాట. ఆ రేవులో నేను చూసినన్నాళ్ళూ మూడు పడవలకీ ఆ చెయ్యి పిన్నిదే. తన కొడుకు వెళ్ళిన పడవకి కూడా ఆవిడే పెట్టేది, ఎవరూ వంక పెట్టేవాళ్ళు కాదు.

మొదటిసారి సారు కూడా వచ్చారు. జీపు రేవు దాకా వచ్చింది. పిన్ని వలలోంచి ఇటుకరంగు స్పంజిక ఒకటి తీసి రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు పెట్టింది. దాని ఒంటి నిండా జిగురు, జిగురులో ఇసుక, బురద. వాసన కూడా గట్టిదే. సారు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని స్పిరిట్ సీసాలో పడేసి, ఈ జిగురేమిటి, ఈ కంపేమిటి, వీళ్ళసలు దీని మధ్య ఎలా ఉంటారో అన్నారు నాతో. మెల్లిగా కూడా అనలేదు. పిన్ని చేతులు చీరకి తుడుచుకుని లోపలికెళ్ళి మాకు మజ్జిగ తెచ్చింది. సారు తాగలేదు. నేను రెండు గ్లాసులూ తాగాను.

వాసన సంగతి నాకూ తెలుసు. నమూనాలతో తిరిగొచ్చిన రోజు అవనిగడ్డలో బస్సెక్కితే కండక్టర్ నన్ను చివరి సీటుకి పంపేవాడు. పామర్రులో గుడివాడ బస్సు మారేటప్పుడు నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఇంటికెళ్తే మా అమ్మ నా బట్టలు పెరట్లోనే విప్పించేది. అంత తెలిసినదాన్ని, ఆ జేబురుమాలు చూసి పిన్నికి ఏమనిపించి ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఇలా నడిచేది కాదు.

నెల తిరిగాక సారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో సంతోషం అంతకు ముందెప్పుడూ వినలేదు. ఆ ఇటుకరంగు దాని సారం వేసిన గిన్నెలో కణాలు నిలబడ్డాయట. ఒట్టి వైరస్ వేసిన గిన్నెలో పొరంతా ఊడిపోతే, ఇందులో చాలా భాగం చెక్కుచెదరలేదట. అదే రకం ఇంకా కావాలి, ఎంత దొరికితే అంత పంపమన్నారు. పడవ ఎప్పుడొస్తుందో, వలలో అది ఎప్పుడు పడుతుందో చెప్పలేం కాబట్టి నేను స్పిరిట్ సీసాలు తీసుకెళ్ళి పిన్ని ఇంట్లో పెట్టాను. దొరికిన వెంటనే ముక్కలు కోసి ఇందులో వెయ్యి, మూత బిగించు అని చూపించాను. ఆవిడ నాలుగుసార్లు చేసి చూపించి నేర్చుకుంది. దీనికి నువ్వేం తీసుకుంటావు పిన్నీ అంటే, ఖాళీ అయిన ప్లాస్టిక్ డబ్బాలు రెండుంటే ఇవ్వు, పప్పులు పోసుకుంటాను అంది.

మూడు వారాలకి సీసాలు నిండాయి. నమూనాలు చూసి నేను మురిసిపోయాను. మొదటిదానిలా బురదగా లేవు. లేత రంగులో, పొందిగ్గా, ఇసుక రేణువు లేకుండా ఉన్నాయి. ఎంత శుభ్రంగా ఇచ్చావు పిన్నీ అని మెచ్చుకున్నాను. ఆవిడ నవ్వింది. ఎందుకంత శుభ్రంగా ఉన్నాయని అడగాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. ఎమ్మెస్సీ చదివినదాన్ని.

నగరంలో వాటిని పరీక్షించారు. గిన్నెల్లో కణాలన్నీ చచ్చాయి. రెండోసారి పంపినవాటితోనూ అంతే. సారు ఫోన్లో విసుక్కున్నారు. నువ్వు స్పిరిట్ సరిగా కలిపావా అన్నారు, సీసాలు ఎండలో పెట్టావా అన్నారు. అవేమీ కాదని తేలాక, చెప్పకుండానే జీపులో వచ్చి దిగారు. నన్ను బందరులో ఎక్కించుకుని నేరుగా రేవుకి వెళ్ళారు.

మేం వెళ్ళేసరికి ఎండ బాగా ఎక్కింది. పడవ అప్పుడే ఒడ్డుకొచ్చినట్టుంది, పోగులు పెడుతున్నారు. పిన్ని గోనెపట్టా ముందు గొంతుక్కూచుని ఉంది. చుట్టూ పడవవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, పాతికమంది దాకా ఉంటారు. సారు జీపు దిగి నడిచి వెళ్ళి ఆ పోగుల దగ్గరే నిలబడ్డారు.

"మొదట అసలు సరుకు చూపించి, తర్వాత ఒడ్డున దొరికిన చెత్త అంటగట్టావు. సరుకు మార్చేశావు నువ్వు. నిన్ను నమ్మి ఇన్ని నెలలు పోగొట్టుకున్నాం" అన్నారు.

పిన్ని లేచి నిలబడింది. చేతిలో చేప చేతిలోనే ఉంది.

"అదే సరుకండీ. నా చేత్తో కోసి ఏశాను. ఈ అమ్మాయికి తెలుసండీ" అంది, నా వైపు చూసి.

అందరూ నా వైపు చూశారు. నేను జీపు టైరు వైపు చూశాను. నాకు నిజంగానే తెలియదు, ఆవిడ మార్చిందో లేదో. కానీ మార్చే మనిషి కాదని తెలుసు. అది చెప్పడానికి నాలుక కదిపితే చాలు. నా ఉద్యోగం ఏడాదికోసారి ఆయన సంతకంతో సాగేది, ఆ సంతకం రావాల్సింది ఆ నెలలోనే. కాబట్టి నోట్లో నాలుక లేనిదానిలా నిలబడ్డాను. సాకు చెప్పడం లేదు, జరిగింది చెప్తున్నాను.

సారు మరో రెండు మాటలని జీపెక్కారు.  

ఆ తర్వాత రెండు వారాలకి ఉండబట్టలేక ఒక్కదాన్నే వెళ్ళాను. రేవులో పోగులు పెడుతున్నది వేరే మనిషి, పిన్నికంటే బాగా చిన్నది. పిన్ని ఇంట్లో ఉంది. ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదట. తిట్టలేదు, వెలేయలేదు. మర్నాడు పడవ వచ్చినప్పుడు ఆవిడ వెళ్ళి కూచునేలోపే ఇంకొకరు పట్టా పరిచేశారు, అంతే. సరుకు మార్చిందని పాతికమంది మధ్య అనిపించుకున్న చేతులతో పోగులు పెట్టిస్తే, రేపు ఎవడి పోగు చిన్నదైనా వాడికి అనుమానమొస్తుంది. ఇదంతా కోడలు చెప్పింది.  పిన్ని మాత్రం, వచ్చావుగా, అన్నం తిని వెళ్ళు అని, చేటలో జెల్లలు వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

జెల్లచేపకి ఒళ్ళంతా జిగురు. పిన్ని వాటిని రాతి మీద వేసి కల్లుప్పు చల్లి రుద్దింది. నీళ్ళు పోసి కడిగింది. బూడిద వేసి మళ్ళీ రుద్దింది. మళ్ళీ కడిగింది. వేలితో తోక దాకా నిమిరి చూసి, ఇంకా జారుతోందని మూడోసారి ఉప్పు వేసింది. 

"పిన్నీ, సీసాల్లో వేసేముందు మా సరుకుని కూడా ఇలాగే కడిగావా?" అని అడిగాను.

ఆవిడ తలెత్తి, ఇదేం ప్రశ్నన్నట్టు చూసింది.

"కడక్కుండా ఎట్టా ఇస్తామమ్మా? ఆయన ముక్కు మూసుకున్నాడు గదా. మీ వాటికి ఇంకో రెండు నీళ్ళు ఎక్కువే పోశాం" అంది.

అత్తాకోడళ్ళిద్దరూ ఒక పూటంతా కూచుని మా స్పంజికల్ని ఉప్పేసి, బూడిదేసి తోమారట. ఇంటికొచ్చినవాళ్ళ చేతికి జిగురు కారే సరుకు పెట్టామని మొదటిసారి సిగ్గుపడ్డారు కాబట్టి, రెండోసారి ఆ సిగ్గు పడకూడదనుకున్నారు. ఆ మర్యాదకి మూలం ఆయన జేబురుమాలు. ఆ మర్యాదకి మెచ్చుకోలు నాది. శిక్ష మాత్రం పిన్నికి.

అన్నం అయిందనిపించి బయల్దేరాను. అవనిగడ్డ వచ్చి ఎస్టీడీ బూత్ నుంచి సారుకి ఫోన్ చేశాను. కడిగేశారు సార్, సరుకు అదే, పైన జిగురంతా పోయింది అన్నాను.  ఆయన గొంతు మారిపోయింది. అంటే అసలు సంగతి జిగురులోనే ఉందన్నమాట, ఆ జిగురులో బతికే సూక్ష్మజీవులేవో తయారుచేస్తున్నాయన్నమాట, కడగనిదీ కడిగినదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది, అద్భుతం అన్నారు. అద్భుతం అని మూడుసార్లన్నారు. మీటర్లో అంకెలు తిరుగుతున్నాయి. నేను పిన్ని సంగతి ఎత్తాను. మీరన్న మాట వల్ల ఆవిడకి ఇలా జరిగింది, వచ్చి ఆ మాట వెనక్కి తీసుకోవాలి అన్నాను.

"చూద్దాంలే. వచ్చినప్పుడు చెబుదాం. వాళ్ళేం అనుకోరు" అన్నారు.

వాళ్ళేం అనుకోరు. ఈ రెండు ముక్కలు నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను. చదువుకున్నవాళ్ళు ఎంతమంది నోట విన్నానో ఈ మాట. పనిమనిషి గురించి, బస్సులో నిలబడ్డ ముసలాయన గురించి, పేరు తప్పుగా పిలిపించుకున్న పిల్ల గురించి. అనుకోరని మనకెవరు చెప్పారు? అనుకున్నా మన దాకా వచ్చి చెప్పుకునే దారి లేదని మన ధైర్యం.

మళ్ళీ సీసాలు పట్టుకుని వెళ్ళింది నేనే. ఎవరి దగ్గరికి? ఆవిడ దగ్గరికే. సంగతంతా విప్పి చెప్పాను. మన ముక్కులో, గొంతులో కూడా జిగురే కాపలా కదా పిన్నీ, అలాగే దానికీ, ఆ జిగురు పోతే ఇక ఏమీ లేదు అన్నాను. ఆవిడ శ్రద్ధగా వింది. అయితే కడగటమే తప్పన్నమాట అంది. తప్పు కాదు, మాకు చెప్పడం చేతకాలేదు అన్నాను. తర్వాత తనే అంది.

"ఇస్తాలే. కడక్కుండానే ఇస్తా. ఆయన్నొచ్చి ఒక్క మాట చెప్పమను. ఇంట్లో కాదు, రేవులో, పోగుల కాడ. నాకింకేం వద్దు."

ఇచ్చింది. బురదతో, జిగురుతో, కంపుతో ఇచ్చింది. అలా ఇవ్వడానికి ఆవిడ చేతులు ఎంత వెనకాడాయో నేను చూశాను. ముక్క కోసి సీసా మూతి దాకా తెచ్చి, అలవాటు కొద్దీ నీళ్ళ చెంబు వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకునేది.

ఆ నమూనాలతో గిన్నెల్లో కణాలు మళ్ళీ నిలబడ్డాయి. కడిగినవాటితో చచ్చాయి, కడగనివాటితో బతికాయి. సారుకి కావలసిన పోలిక చక్కగా కుదిరింది. ఆయన బందరు వచ్చారు, కాలేజీలో ఉపన్యాసమిచ్చారు, శాలువా కప్పించుకున్నారు. జిగురు ఎంత విలువైనదో ముందు వరసలో ప్రిన్సిపాల్‌గారికి అర్థమయ్యేలా చెప్పారు. ఉపన్యాసం అయ్యాక, ఇక్కణ్ణుంచి దివిసీమ ఎంత దూరం సార్, పొద్దున్నే వెళ్ళొద్దాం అన్నాను. రాత్రి రైలుకి టికెట్ ఉందన్నారు. ఇంకోసారి వచ్చినప్పుడు వాన పడింది, రోడ్డు బాలేదన్నారు. మూడోసారి నాతో నేరుగానే అన్నారు, ఇది సైన్సమ్మా, పంచాయితీ కాదు అని.

పంచాయితీ పెట్టింది ఎవరు సార్ అని అడిగాను. ఉద్యోగంలో చేరాక ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన నన్ను కొత్తగా చూసినట్టు చూసి, వ్యాసం చిత్తుప్రతి నా చేతిలో పెట్టి, అక్షరదోషాలు దిద్దమన్నారు. చివర కృతజ్ఞతలున్నాయి. ప్రిన్సిపాల్‌గారికి, గది ఇచ్చినందుకు. జీపు ఇచ్చినవారికి. నాకు, సాంకేతిక సహాయానికి. పిన్ని గురించి రాద్దాం సార్ అంటే, పేరేమిటన్నారు. చెప్పాను. చూద్దాం అన్నారు. అచ్చయినప్పుడు లేదు.

ఆ చిత్తుప్రతి బల్ల మీద పెట్టి, మర్నాడు పొద్దున్నే నేను బస్సెక్కాను. ఆయన రాకపోతే నేనే చెప్తాను, విన్నది నేను, తెలుసుకున్నది నేను అనుకున్నాను. రేవుకి వెళ్ళేసరికి సరిగ్గా పోగులు పెడుతున్నారు. పిన్ని కొంచెం దూరంగా, వల విప్పేవాళ్ళలో ఉంది. నేను గోనెపట్టా పక్కన నిలబడి, ఆపకుండా మొత్తం చెప్పాను. ఆవిడ సరుకు మార్చలేదని, కడిగి ఇచ్చిందని, ఆ కడగడం వల్లే అసలు రహస్యం తెలిసిందని, ఆయన అన్నది అబద్ధమని చెప్పాను.

అందరూ విన్నారు. పడవల్లో పెద్దదాని మీద వెళ్ళే పెద్దాయన ఒకాయన, చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"ఆ రోజు కూడా మీరిక్కడే ఉన్నారు గదమ్మా. అప్పుడెందుకు చెప్పలేదు?"

 సంతకం కోసం అని చెప్పనా? భయపడ్డానండీ అన్నాను. ఆయన తల ఊపాడు. ఎగతాళి చేయలేదు. ఎగతాళి చేసినా బాగుండేది. వాళ్ళలో వాళ్ళు కాసేపు మాట్లాడుకున్నారు. అన్న మనిషి వచ్చి వెనక్కి తీసుకోని మాట తీరినట్టు కాదని ఒకరు, పాపం ఈ పిల్ల ఇంత దూరం వచ్చి చెప్పింది గదా అని ఒకరు. చివరికి పెద్దాయన పిన్నిని పిలిచాడు. పోగులు ఆ చిన్నదే పెడుతుందిలే, నువ్వొచ్చి వీపు తిప్పి నిలబడి పేర్లు చెప్పు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఏదో ఒకటి తిరిగి ఇద్దామని.

పిన్ని లేవలేదు. వలలోంచి చేప తప్పిస్తూనే అంది.

"వీపు తిప్పడానికి ఎవరైనా చాలు బావా. నా చేతులు అక్కర్లేనప్పుడు నా వీపెందుకు?"

ఎవరూ బలవంతం చేయలేదు. వేరే ఒకతను వీపు తిప్పి నిలబడ్డాడు, పేర్లు చెప్పాడు, పోగులు ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. పోగులు పెట్టేటప్పుడు అక్కడ నిలబడ్డ పరాయి మనిషిని ఒట్టి చేతులతో పంపరు. నాకూ ఒక దోసెడు కవళ్ళు, రెండు జెల్లలు పక్కకి తీసిపెట్టారు. పిన్ని వచ్చి ఆ చేపలు చేటలోకి తీసుకుంది. నా ఎదురుగా నిలబడి అడిగింది.

"కడిగియ్యనా? ఇట్టాగే తీసుకెళ్తావా?"

ఆ ప్రశ్నలో వెటకారం ఉందా అని ఇన్నేళ్ళుగా వెతుక్కున్నాను. లేదు. నిజంగానే అడిగింది. మాలాంటివాళ్ళకి ఏది ఎలా ఇవ్వాలో ఆవిడకిక తెలియకుండా చేశాం. నాకు ఏడుపొచ్చింది. కడుగు పిన్నీ అన్నాను. ఆవిడ పెరట్లో రాతి మీద కల్లుప్పు వేసి రుద్దింది, బూడిద వేసి రుద్దింది, మూడు నీళ్ళు పోసింది, వేలితో నిమిరి చూసింది. అప్పుడెప్పుడో నేనిచ్చిన ప్లాస్టిక్ డబ్బాల్లో ఒకటి ఖాళీ చేసి, చేపలు అందులో సర్ది నా చేతికిచ్చింది.

అవనిగడ్డలో బస్సెక్కాను. కండక్టర్ నన్ను చివరి సీటుకి పంపలేదు. పామర్రులో బస్సు మారాను, నా పక్కన ఒకావిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. డబ్బా నా ఒళ్ళోనే ఉంది. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. మానేసినందువల్ల పిన్నికి ఒరిగిందేమీ లేదు, ఆ పోగులు ఆవిడ చేతికి మళ్ళీ రాలేదు. ఆ చుక్క మందయిందని కూడా నాకు తెలిసినంతలో ఎక్కడా వినలేదు.

ఆ బస్సు దిగిన సాయంత్రం ఇంటికెళ్ళాక మా అమ్మ డబ్బా మూత తీసి, చేపలు నీళ్ళలో వేసి, ఒక జెల్లని చేత్తో పట్టి చూసింది. జారలేదు. మళ్ళీ పట్టి చూసింది.

"ఇక నేను కడగాల్సిన పనే లేదే. ఇంత శుభ్రంగా ఎవరు కడిగారే?" అంది.

సరుకు మార్చిందని మేం పదిమందిలో అన్న మనిషి అని చెప్పాను.